మనూర్ పిల్లకు ఒడిబియ్యం

పోయిన నెల మా అత్త చనిపోయింది. సంగారెడ్డి దవాఖానలో ఆమె పక్కన మా బిడ్డ ఉంది. నేను బర్రెను చూసుకుని, ఉతికిన చీరలు తీసుకుపోదామని ముందు రోజు సాయంత్రమే నారాయణఖేడ్‌కు వచ్చాను. పొద్దున్నే పొయ్యి మీద చాయ్ పొంగుతుంటే ఫోన్ మోగింది.

"అమ్మా, నాయినమ్మ పోయింది" అన్నది మా బిడ్డ.

దాని గొంతు వెనక ఏదో గోల వినిపిస్తోంది. జనం అరుస్తున్నారు, ఎవరో ఈల వేస్తున్నారు. దవాఖానలో ఈలలేంటి అనుకున్నాను. కాసేపటికి అర్థమైంది. మా అత్త దగ్గరుండే పాత ఫోన్‌లో మ్యాచ్ ఇంకా నడుస్తోంది. దాన్ని ఆపాలని మా బిడ్డకు తోచలేదు, ఆపమని నాకూ అనబుద్ధి కాలేదు.

అది అమెరికాలో ఆడవాళ్లు జీతానికి ఆడే బాస్కెట్‌బాల్. నారాయణఖేడ్‌లో అక్షరం ముక్క రాని ఒక ముసలామె కొన్నేళ్లుగా ఆ ఆట వెంట పడిందంటే మీకు నవ్వొస్తుంది. నవ్వండి, తప్పేం లేదు. మా వీధి మొత్తం నవ్వింది, అందరికంటే ముందు నేనే నవ్వాను.

నేను బడిలో తెలుగు చెప్తాను. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు వాళ్లను దేవతలను చేయడం మనకు అలవాటు. మా అత్త దేవత కాదు. మొండిది, నోరు పెద్దది, తను అనుకున్నదే జరగాలి. నాకు ఆమె మీద కోపం ఉంది, అది ఆమెతో పాటు పోలేదు. అయినా రాస్తున్నాను. పొద్దున లేచేసరికి వరండాలో ఆ గొంతు లేకపోవడం నా వల్ల కావడం లేదు, అందుకు.

మా బిడ్డ చిన్నప్పటి నుంచే పొడుగు. హాస్టల్ బడిలో చేర్పిస్తే అక్కడి పీఈటీ మేడం దాని ఎత్తు చూసి చేతిలో బంతి పెట్టింది. ఇక సెలవులకు ఇంటికొస్తే చాలు, తెల్లారకముందే నా ఫోన్ తీసుకుని వరండాలో కూర్చునేది. అమెరికాలో రాత్రిపూట ఆడేవి మనకు పొద్దున వస్తాయి. మా అత్త అప్పటికే లేచి, బర్రెకు గడ్డి వేసి, వాకిలి ఊడ్చి, చాయ్ గ్లాసుతో వచ్చి దాని పక్కన కూర్చునేది. మనుమరాలి కోసం కూర్చునేదే తప్ప ఆట కోసం కాదు.

మొదటిరోజు ఆమె అన్న మాట నాకు ఇంకా గుర్తుంది.

"గిదేందే, గా గంపకు అడుగు లేదు! ఏసింది ఏసినట్టే కింద పడుతున్నది. ఎవలన్న చెప్పున్రి వాళ్లకు."

"గట్లనే ఉండాలె నాయినమ్మా. కింద పడితేనే పాయింటు."

"నిలువని గంపల ఏసుడేంది? పనీ పాటా లేదా?"

"గదే వాళ్ల పని. జీతమిస్తరు."

మా అత్త గ్లాసు కింద పెట్టింది. "ఆడోళ్లకా?"

"ఆఁ."

"ఆడుకున్నందుకా?"

"ఆఁ నాయినమ్మా, ఆడుకున్నందుకే."

మా అత్త బతుకంతా పరాయి చేన్లలో పత్తి ఏరింది, కంది కోసింది, ఎండాకాలం మట్టి పనికి పోయింది. ఆడుకున్నందుకు ఆడదానికి జీతమిచ్చే జాగా ఈ భూమి మీద ఉందన్న మాట ఆమెను ఊపేసింది. సాయంత్రానికల్లా వీధంతా చెప్పింది. కల్హేర్ అంగడికి పోతే షేర్ ఆటోలో పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియనివాళ్లకు కూడా చెప్పింది. చివర్లో ఎప్పుడూ ఒక మాట కలిపేది: "మా మనుమరాలు గదే పని నేర్చుకుంటున్నది."

అట్లా మొదలైంది. ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అన్నది ఆమెకు పెద్దగా పట్టేది కాదు. ఆట అయ్యాక వాళ్లు యాడ పండుకుంటారు, వంట ఎవరు చేస్తారు, ఊరూరూ తిరుగుతుంటే ఇంటి దగ్గర ముసలోళ్లను ఎవరు చూస్తారు, ఇవి కావాలి ఆమెకు. మా బిడ్డ ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పేది. ఒకామె కాన్పు అయిన కొన్నాళ్లకే తిరిగి ఆటకొచ్చింది. పిల్లను ఎత్తుకుని బయట కూర్చున్న ఆమె తల్లిని చూపిస్తే మా అత్త ఫోన్ కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. "తల్లిగారింట్ల ఉండకుండ గప్పుడే వచ్చిందా? పాలెవలు పడుతున్రు?" అని రోజంతా అదే రంధి. జీతాలు పెంచమని వాళ్లు కొట్లాడుతున్నారని తెలిసినప్పుడు మాత్రం ఖుషీ అయింది. "అడగాలె. అడగకుంటే ఎవలిచ్చిన్రు మనకు?" అన్నది. అక్కడ కూడా మగవాళ్లకు చాలా ఎక్కువిస్తారని మా బిడ్డ చెప్తే, "గంత దూరం పోయినా గంతేనా!" అని మూతి తిప్పింది.

వాళ్ల పేర్లు ఆమె నోరు తిరగవు. అందుకని అందరికీ తనే పేర్లు పెట్టుకుంది, మా చుట్టుపక్కల మనుషులను బట్టి. ఒకామె సిర్గాపూర్ పటేలమ్మ, ఎందుకంటే నడుం మీద చెయ్యి పెట్టుకుని అందరికీ చెప్తూ ఉంటుంది. గంప కింద నిలబడి వచ్చినవాళ్లను వచ్చినట్టు నెట్టేసే ఒక బొద్దు ఆమెకు మా పక్కింటి ఖాలా పేరు పెట్టింది. ఖాలాకు ఆ సంగతి తెలిసి, "నేనెప్పుడు ఎవర్ని నూకేసిన్నే?" అని కొట్లాటకొచ్చింది. ఒకసారి కూర్చుని చూసింది. ఆ బొద్దు ఆమె ఎదుటిదాన్ని ఒక్క తోపు తోసి బంతి లాక్కుంది. "షాబాష్!" అన్నది ఖాలా. మరుసటి రోజు నుంచి తన చాయ్ గ్లాసు తనే తెచ్చుకుని వచ్చేది.

మా అత్త ప్రాణమంతా ఒకామె మీద ఉండేది. సన్నగా, నల్లగా, పొడవాటి చేతులు. గోల చేయదు, నవ్వదు, బంతి వేసి తల వంచుకుని వెనక్కి ఉరుకుతుంది. "మా మనూర్ల గిట్లనే ఉంటరు. మాట తక్కువ, చెయ్యెక్కువ" అన్నది మా అత్త. ఆమె పుట్టిల్లు మనూర్. అప్పటి నుంచి ఆ అమ్మాయి మనూర్ పిల్ల. మనూర్ పిల్ల ఆడే రోజు మా అత్తకు చాయ్‌లో చక్కెర ఎంత వేసినా తెలిసేది కాదు.

సెలవుల్లో మా బిడ్డ ఖేడ్‌లోనే బడి గ్రౌండ్‌లో ఆడుకునేది. అక్కడ సిమెంటు గచ్చు, రెండు పక్కలా తుప్పు పట్టిన స్తంభాలు, జాలీ లేని రింగులు. కందులు ఇంటికొచ్చే రోజుల్లో ఆ గచ్చు మొత్తం కందులే. ఎవరు ముందొస్తే వాళ్లు ఆరబోసుకుంటారు. ఒక పొద్దున మా బిడ్డ మొహం వేలాడేసుకుని తిరిగొస్తే మా అత్త చీపురు పట్టుకుని బయల్దేరింది. కంది కుప్ప పక్కన కూర్చున్నాయనతో, "ఓ పటేలా, జరుపు జర. మా పిల్ల పనికొచ్చింది" అన్నది. ఆడుకోవడానికి అనలేదు. ఆయన ఏం పని అని అడిగితే, "నీకెందుకు, జీతమొచ్చే పని" అన్నది. రింగు ముందు ఒక చాప పరిచేంత జాగా ఊడ్చి, మా బిడ్డ ఆడినంత సేపూ దొర్లుకొచ్చే కంది గింజలను చీపురుతో వెనక్కి నెడుతూ నిలబడింది. ఆ సంక్రాంతి సెలవులన్నీ అదే పని. మా బిడ్డ చెయ్యి గురి కుదిరింది ఆ చాపంత జాగాలోనే.

ఇప్పుడు ఒడిబియ్యం సంగతి చెప్పాలి.

ఒకరోజు మా బిడ్డ ఫోన్ చూసి ఏడుపు మొహం పెట్టింది. మనూర్ పిల్లను ట్రేడ్ చేశారట.

"ట్రేడంటే?" అన్నది మా అత్త.

"ఇంకో టీముకు ఇచ్చేసిన్రు నాయినమ్మా. గాడ నుంచి ఇంకొకామెను తీసుకున్రు."

"ఇచ్చిన్రా? దాన్ని అడిగిన్రా?"

"అడగరు. పొమ్మంటే పోవాలె."

మా అత్త ఫోన్ అందుకుని మనూర్ పిల్ల మొహం చూసింది. తరువాత, "మా అయ్యగూడ నన్ను అడగలే" అన్నది. అని లేచి లోపలికి పోయి బియ్యం డబ్బా తీసింది.

ఆడపిల్ల అత్తగారింటికి పోయేటప్పుడు పుట్టింటివాళ్లు కొంగులో పసుపు బియ్యం పోస్తారు, కుడుకలు, ఖర్జూరాలు, రవికె గుడ్డ పెడతారు. అదే ఒడిబియ్యం. మా అత్తకు పెళ్లినాడు పోసిందే, మళ్లీ లేదు. తరువాత తమ్ముళ్లు మనూర్‌లో ఉన్న చెలక అమ్ముకుని హైదరాబాద్ పోయారు. ఆమెను పిలిచి ఒడి నింపినవాళ్లు లేరు. మామ పోయాక ఇక ఆ మాటే లేదు. మరి ఆమె లెక్క ప్రకారం మనూర్ పిల్లను పెంచిన టీము పుట్టిల్లు, కొత్త టీము అత్తగారిల్లు. తను మనూర్ ఆడపడుచు కాబట్టి ఆ పిల్లకు ఒడిబియ్యం పోసే బాధ్యత తన మీదే ఉంది.

"అత్తా, నీకేమన్న పిచ్చా? అది ఆట. ఆమెకు పెళ్లే కాలేదు" అన్నాను.

"పెండ్లి సంగతెవలు అడిగిన్రే? ఇల్లు ఇడిసి పోయే ఆడపిల్లకు పొయ్యాలె. ఉత్త చేతుల పంపుతరా?"

బియ్యానికి పసుపు తనే కలిపింది కానీ పొయ్యడానికి రాలేదు. "నా చెయ్యి వద్దు. ముత్తైదువవు, నువ్వు పొయ్యి" అని దూరంగా గోడకానుకుని కూర్చుంది. నాకు ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. చీపురు పట్టుకుని ఊరితో కొట్లాడే మనిషి, ఇట్లాంటి దగ్గర మాత్రం తనంతట తనే పక్కకు జరిగేది. ఎంత చెప్పినా వినలేదు. చివరికి పీట వేసి, దాని మీద చెంబుకు ఆనించి ఫోన్ పెట్టి, తెర మీద మనూర్ పిల్ల ఫోటో తెరిచి, ముందు రవికె గుడ్డ పరిచి నేనే బియ్యం పోశాను. మా బిడ్డ నవ్వాపుకోలేక బర్రె కొట్టంలోకి ఉరికింది. ఖాలా వచ్చి నోరు తెరిచి చూసింది.

"గీ బియ్యం ఎవరు తింటరు మరి? ఆమె బర్గర్ తింటదే!"

"ఆమె దిక్కు నుంచి మనం తిందాం" అన్నది మా అత్త. ఆ మధ్యాహ్నం ఆ పసుపు అన్నం మేమందరం తిన్నాం. ఖాలా రెండోసారి పెట్టించుకుంది.

ఆ రోజే మా అత్త ఇంకొన్ని బియ్యం పసుపు కలిపి, చిన్న స్టీలు డబ్బాలో పోసి, మూత మీద గుడ్డ కట్టి అటక మీద పెట్టింది. అవి మా బిడ్డవి. అది టీముకు పోయే నాడు పొయ్యాలి. ఇంట్లో బియ్యం నిండుకున్న రోజు కూడా ఆ డబ్బా ముట్టనిచ్చేది కాదు. ఏటా కొత్త బియ్యం రాగానే పాతవి తీసి కొత్తవి నింపేది.

నిజం చెప్పాలంటే ఆ టీము ఎక్కడుందో మాకెవరికీ తెలియదు. పీఈటీ మేడం ఒకసారి ఇంటికొచ్చినప్పుడు అడిగాను. మన దేశంలో ఆడపిల్లలకు అట్లా జీతానికి ఆడే లీగు నిలబడింది లేదని, బాగా ఆడితే ఏ రైల్వేలోనో ఉద్యోగం వస్తే గొప్ప అని ఆమె చెప్పింది. అది కూడా ఎంతమందిలో ఎంతమందికి అని నిట్టూర్చింది. నేను అదే మా అత్తకు చెప్పాను. చెప్పడంలో నాకు కొంచెం సంతోషం కూడా ఉందేమో, ఎప్పుడో ఒకసారి ఆమె నోరు మూయించే వీలు దొరికింది కదా.

"లేకుంటే పెడతరు. మనకు ఏదన్న ముందే పెట్టి ఉంచిన్రా?" అన్నది మా అత్త.

మా బిడ్డ జిల్లా టీములోకి వచ్చింది. రాష్ట్రానికి ఎంపిక చేసే పోటీలకు పేరు వచ్చింది. దానికి రెండు నెలల ముందు హాస్టల్ గ్రౌండ్‌లో ఎగిరి దిగుతుంటే మోకాలు పక్కకు తిరిగింది. లోపల ఏదో పట్మని తెగినట్టు వినిపించిందని చెప్పింది. పీఈటీ మేడం ఫోన్ చేసి, హైదరాబాద్ తీసుకుపోండి, ఆలస్యం చేయొద్దు అని మరీ మరీ చెప్పింది. నేను దాన్ని ఇంటికి తీసుకొచ్చి సంచి సర్దాను.

మా అత్త గుమ్మానికి అడ్డం నిలబడింది.

"కట్టు కట్టిస్తే నయమైతది. దవాఖానకు పోతే కోస్తరు. కోసిన కాలుతోని ఆడుతదా పిల్ల?"

కర్ణాటక బార్డర్ అవతల ఒక ఊర్లో కట్టు కట్టే పెద్దాయన ఉన్నాడు. మా దిక్కు చెయ్యి విరిగినా కాలు విరిగినా అక్కడికే పోతారు. మా అత్త వయసులో ఉన్నప్పుడు బండి మీద నుంచి పడి చెయ్యి విరిగితే ఆయన తండ్రే కట్టు కట్టాడు, ఆ చెయ్యి తిన్నగా అతుక్కుంది. మామ మాత్రం దవాఖానకు నడిచి పోయి, నలుగురు మోసుకొస్తే ఇంటికొచ్చాడు. ఆమెకు తెలిసింది ఆ రెండే. నేను అరిచాను, ఏడ్చాను, సంచి పట్టుకుని బస్టాండ్ దాకా పోయాను. మా ఆయనేమో తల్లి మాట దాటలేదు. మా బిడ్డ కూడా, "నాయినమ్మ చెప్పినట్టే చేద్దాం అమ్మా, కోస్తే సెలక్షన్‌కు పోలేను" అన్నది.

ఆ పెద్దాయన మోకాలు ఒత్తి చూసి, పసరు రాసి, వెదురు బద్దలు పెట్టి బిగించి కట్టాడు. "ఏనూ ఆగల్ల, తాయీ" అన్నాడు కన్నడంలో. ఏమీ కాదు, తల్లీ అని. మా అత్త ఆ మాట దారి పొడుగునా బస్సులో అంటూనే వచ్చింది. ఏనూ ఆగల్ల, ఏనూ ఆగల్ల. ఆయన మీద కూడా నాకు కోపం రావాలి కానీ రాదు. ఆయన ఎముక విరిగిందనుకుని ఎముకకు కట్టు కట్టాడు.

విరిగింది ఎముక కాదు. వారాల తరబడి కట్టులో ఉండి కాలు సన్నబడింది, మోకాలు బిగుసుకుపోయింది. కట్టు విప్పాక వాపు తగ్గింది కదా అని సెలక్షన్‌కు పోయింది. పరుగెత్తిన కాసేపటికే అదే మోకాలు మళ్లీ తిరిగి కింద పడింది. అప్పుడు పోయాం హైదరాబాద్. లోపల లిగమెంట్ తెగిందని, దానితో ఆడేసరికి ఎముకల నడుమ మెత్తలా ఉండే గుజ్జు కూడా నలిగిపోయిందని, ముందే వస్తే వేరేగా ఉండేదని ఆ డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ చేశారు. నడుస్తుంది. మెట్లెక్కుతుంది, పక్కన గోడ పట్టుకుని. మోకాలు పూర్తిగా వంగదు, ఇక ఎప్పటికీ వంగదు.

డాక్టరు చెప్పింది మా అత్తకు నేనే చెప్పాను. మెత్తగా చెప్పలేదు. ఆమె ఏడవలేదు, మాఫీ అడగలేదు. రోజూ నువ్వుల నూనె వెచ్చజేసి మా బిడ్డ మోకాలికి రాసేది. ఒకరోజు మా బిడ్డ, "ఇగ చాలు నాయినమ్మా" అన్నది. గట్టిగా కూడా అనలేదు. ఆ రోజు నుంచి నూనె గిన్నె పొయ్యి దగ్గరే ఉండిపోయింది.

పొద్దున ఆట చూడటం కొన్నాళ్లు ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది మా బిడ్డే. కానీ మా అత్త చూసే తీరు మారిపోయింది. ఆమె ఇప్పుడు బంతిని చూసేది కాదు, మోకాళ్లను చూసేది. ఎవరైనా కింద పడితే గ్లాసు పక్కన పెట్టేసేది. "లెవ్వు బిడ్డా, లెవ్వు, లెవ్వు" అని గొణిగేది. లేస్తే గాని చాయ్ తాగేది కాదు. ఖాలా ఒకసారి నాతో చాటుగా అన్నది: "దాన్ని ఏమనకు. లోపల కాలుతున్నది." నాకు తెలుసు. తెలిసీ నేను ఒక్క మంచి మాట చెప్పలేదు. చెప్తే నా కోపం ఎక్కడ పెట్టుకోవాలి?

మా బిడ్డ హైదరాబాద్‌లో ఒక మాల్‌లో బట్టల షాపులో పనికి కుదిరింది. పొద్దంతా నిలబడే పని. అది పోయేనాడు నేను అటక దిక్కు చూశాను. మా అత్త నా చూపు పట్టేసింది.

"గది టీము కాదు. గా డబ్బా ముట్టకు" అన్నది.

ఆ తరువాత ఎప్పుడు సెలవు మీద ఇంటికొచ్చినా మా అత్త అదే అడిగేది, "ఎప్పుడు పోతవ్ బిడ్డా టీముకు?" మా బిడ్డ నవ్వి, "వచ్చే ఏడు నాయినమ్మా" అనేది. ఇద్దరికీ తెలుసు. వినే మాకూ తెలుసు. అయినా అడిగేది, అది చెప్పేది. ఎండాకాలం వచ్చేసరికి మా అత్తకు దమ్ము ఎక్కువైంది, నాలుగడుగులు వేస్తే ఆయాసం. చివరికి సంగారెడ్డి తీసుకుపోయాం. "దవాఖాన వద్దు" అని ఈసారి అనలేదు. ఆటోలో మా బిడ్డ భుజం మీద తల పెట్టి పడుకుంది.

ఆ చివరి పొద్దున ఏం జరిగిందో మా బిడ్డ నాకు దినాలు అయ్యాక చెప్పింది. మ్యాచ్ పెట్టమని నాయినమ్మే అడిగిందట. మనూర్ పిల్ల ఆటలో లేదు. పక్కన బెంచీ చివర కూర్చుంది, మోకాలికి పెద్ద పట్టీ ఉంది.

"దాని మోకాలు ఎవలు కట్టిన్రే?" అన్నదట మా అత్త.

"డాక్టర్లు కట్టిన్రు నాయినమ్మా."

"మనోళ్ల కట్టు కాదు కదా?"

"కాదు."

"మంచిది. అయితే అది ఆడుతది."

"ఆడుతది నాయినమ్మా."

మనూర్ పిల్ల ఈ ఏడు ఆడదని, మళ్లీ ఆడుతుందో లేదో కూడా తెలియదని మా బిడ్డ అప్పటికే చదివింది. చెప్పలేదు. "నాయినమ్మ ఇగ ఫోన్ చూడలేదమ్మా. నా మొహం కూడా చూడలేదు. నా మోకాలి దిక్కే చూసుకుంట పండుకున్నది" అన్నది. నేను అప్పుడు ఏడ్చాను. శవం ముందు ఏడవలేదు, బూడిద నీళ్లలో కలిపినప్పుడు ఏడవలేదు, అప్పుడు ఏడ్చాను.

మా బిడ్డ తిరిగి హైదరాబాద్ పోయే పొద్దున నేను అటక మీది డబ్బా దించాను. ఇంట్లో మనిషి పోయిన ఏడాది ఇట్లాంటివి చేయకూడదని ఇద్దరు ముగ్గురు చెప్పారు. నేను వినలేదు. మూత తీస్తే పురుగు పట్టి ఉంది. ఈసారి కొత్త బియ్యం మార్చే ఓపిక ఆమెకు లేకపోయింది. చాటలో చెరిగి, పురుగు ఏరి, మళ్లీ కొంచెం పసుపు కలిపాను.

"ఎందుకమ్మా? షాపుకు పోతున్న, టీముకా ఏంది?" అన్నది మా బిడ్డ.

"ఇల్లు ఇడిసి పోయే ఆడపిల్లకు పొయ్యాలె" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి అచ్చం ఆమె గొంతుతోనే వచ్చింది.

పీట వేశాను. అది పీట దిక్కు చూసి, నా దిక్కు చూసింది. పీట మీద కూర్చోవాలంటే మోకాళ్లు మడవాలి. నాకు ఆ సంగతే గుర్తు రాలేదు. పీట తీసేసి ప్లాస్టిక్ కుర్చీ వేశాను. అది కూర్చుని కుడికాలు ముందుకు చాపి, చున్నీ ఒడిలో పరిచి రెండు అంచులూ పట్టుకుంది. బయట బస్టాండ్‌కు పోయే ఆటో వచ్చి నిలబడింది.

మొదటి దోసిలి పోశాను. ఒకవైపు కాలు మడిచి, ఒకవైపు చాపితే ఒడి సరిగా ఉండదు. జారే చున్నీ. బియ్యం ఒడిలో ఒక క్షణం ఆగి, చాపిన కాలి మీదికి జారింది. మా బిడ్డ అంచు పైకెత్తి పట్టింది. ఇంకో దోసిలి పోశాను. అదీ జారింది.

"నిలుస్తలేదమ్మా" అన్నది మెల్లగా.

ఆటోవాడు హారన్ కొట్టాడు. డబ్బాలో ఇంకా బియ్యం ఉంది. నేను పోస్తూనే ఉన్నాను. పసుపు బియ్యం దాని మోకాలి మీదుగా జారి, నాపరాళ్ల మీద పడుతూనే ఉంది.